జోకరు గుర్తులతో ఫైళ్లు వెతకడం: తెలుగు పేర్లతో వచ్చే చిక్కులు

మా పీఠంలో క్షేత్రపర్యటనల ధ్వనిముద్రణలు, వాటి లిఖితపాఠాలు, పదపట్టికలు అన్నీ కలిపి కంప్యూటర్లో వేల ఫైళ్లున్నాయి. వాటికి పేర్లు పెట్టినవాళ్లు ఒకరు కారు. బళ్లారి నుంచి వచ్చిన విద్యార్థి ఒక తీరున రాశాడు, హోసూరు నుంచి వచ్చిన అమ్మాయి మరో తీరున రాసింది. బరంపురం విద్యార్థికి ఊరి పేరే మూడు రకాలు. ఇన్ని చేతులు పడ్డ గుట్టలో కావలసిన ఫైలు దొరకాలంటే దాని పేరు అక్షరం పొల్లు పోకుండా గుర్తుండాలి, లేదా పేరులో గుర్తున్న ముక్కతోనే వెతకగలగాలి. రెండో పద్ధతికి కంప్యూటరువాళ్లు ‘వైల్డ్‌కార్డు’ అని పేరు పెట్టారు. ఆ పద్ధతిని, అది తెలుగు లిపి దగ్గరికి వచ్చేసరికి చూపే వింతలను ఇక్కడ వివరిస్తాం.

ముందు మాట సంగతి. వైల్డ్‌కార్డుకు తెలుగులో స్థిరపడిన మాట లేదు. మాటకు మాట పెట్టి ‘అడవి చీటీ’ అంటే నవ్వులపాలవుతాం. ఆ ఇంగ్లీషు మాట పేకాటలోంచి వచ్చింది. రమ్మీ ఆడేవారికి ఆ ముక్క తెలుసు: చేతిలో ఆరు, ఎనిమిది ఉండి ఏడు రాకపోతే జోకరును ఏడుగా చెల్లించవచ్చు. అదే ముక్క మరో ఆటలో రాణి అవుతుంది. దానికంటూ సొంత విలువ లేదు, ఏ ముక్క స్థానంలో నిలబడితే ఆ ముక్కే. కనుక ఈ వ్యాసంలో వీటిని ‘జోకరు గుర్తులు’ అంటాం. పేకాట పేరు విశ్వవిద్యాలయ పత్రికలో ఎందుకని ఎవరైనా అంటే, ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్నదీ పేకాట పేరేనని మా మనవి.

అసలు ఈ ఊహ మనకు కొత్తదేమీ కాదు. పాణిని ప్రత్యాహారాలు చేసే పని ఇటువంటిదే. ‘అచ్’ అంటే ఏ ఒక్క స్వరమూ కాదు, స్వరాల్లో ఏదైనా కావచ్చు. ‘హల్’ అంటే వ్యంజనాల్లో ఏదైనా. మనం రోజూ వాడే అచ్చు, హల్లు అన్న మాటలు వాటి నుంచి వచ్చినవే. ఉత్వసంధి సూత్రం చెప్పేటప్పుడు ఉకారం తర్వాత అకారం వస్తే, ఆకారం వస్తే, ఇకారం వస్తే అని విడివిడిగా ఏకరువు పెట్టరు. ‘అచ్చు’ అని ఒక్క మాట వేసి ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచుతారు. ఫైలు పేరులో ఒకచోట నక్షత్రం వేయడమూ అంతే: ఇక్కడ ఏదో ఒకటి ఉంది, అదేమిటో ఇప్పుడు అనవసరం అని చెప్పడం.

ముఖ్యమైన గుర్తులు రెండు. నక్షత్రం (*) అంటే ఎన్ని గుర్తులైనా, అసలేమీ లేకపోయినా సరే. ప్రశ్నార్థకం (?) అంటే సరిగ్గా ఒక్క గుర్తు. ‘యానా*’ అని అడిగితే యానాం, యానాము, యానాన్ అన్న పేర్లతో ఉన్నవన్నీ వస్తాయి, ఒట్టి ‘యానా’ అని ఎవరైనా పెట్టి ఉంటే అదీ వస్తుంది. ‘*కథ’ అంటే కథతో ముగిసేవి. ‘*కథ*’ అంటే ఎక్కడో ఒకచోట కథ ఉన్నవి. (ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఉండే తోకను, అంటే డాక్, టెక్స్ట్, వేవ్ వంటివాటిని, అవసరమైన చోట తప్ప ఈ ఉదాహరణల్లో చూపడం లేదు. తోకలనూ ఆదేశాలనూ ఇక్కడ తెలుగులో రాస్తున్నాం గాని తెరమీద వాటిని రోమను అక్షరాల్లోనే కొట్టాలి.)

ఈ గుర్తుల వాడుక పాతది. బెల్ ప్రయోగశాలలో తయారైన యూనిక్స్ వ్యవస్థ తొలిరూపంలోనే, అంటే 1971లోనే, ఈ పని చేయడానికి ‘గ్లోబ్’ అనే చిన్న ప్రోగ్రాము విడిగా ఉండేది. ‘గ్లోబల్’ అన్న మాటకు అది పొట్టిరూపం. ఇప్పటికీ యూనిక్స్ వాళ్లు ఈ పద్ధతిని ‘గ్లోబింగ్’ అంటారు. ఆ తర్వాత సొంత కంప్యూటర్ల కాలంలో డాస్ వ్యవస్థ (1981) ఇవే గుర్తులను వాడింది. డాస్‌లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, తోక మూడు అక్షరాలు మించరాదు. 1995లో వచ్చిన విండోస్‌తో పొడుగు పేర్లు సాధ్యమయ్యాయి. కాని పాత ప్రోగ్రాములు చెడిపోకుండా ప్రతి పొడుగు పేరుకూ వెనకాల ఒక పొట్టి పేరును కూడా కట్టి ఉంచారు. ఈ పొట్టి పేర్ల సంగతి గుర్తుంచుకోవాలి, దానివల్ల మాకు జరిగిన నష్టం ముందు చెబుతాం.

యూనిక్స్, లినక్స్ వ్యవస్థల్లో మూడో గుర్తు కూడా ఉంది: చదరపు కుండలీకరణాలు. వాటి మధ్య రాసినవాటిలో ఏదో ఒక్కటి అని అర్థం. తెలుగు వ్యాకరణం చదువుకున్నవారికి ఇది ముచ్చట గొలుపుతుంది. ‘[కచటతప]*’ అంటే పరుషాలతో మొదలయ్యే పేర్లు, ‘[గజడదబ]*’ అంటే సరళాలతో మొదలయ్యేవి. ఇంతకంటె ప్రత్యాహారానికి దగ్గరైనది కంప్యూటర్లో మాకు కనిపించలేదు. విండోస్‌లోని పాత ఆదేశాల తెరకు ఈ కుండలీకరణాలు తెలియవు, పవర్‌షెల్‌కు తెలుసు.

ఇక తెలుగు లిపి దగ్గరికి వద్దాం. పైన ప్రశ్నార్థకానికి ‘ఒక్క గుర్తు’ అన్నామే గాని ‘ఒక్క అక్షరం’ అనలేదు. కావాలనే అలా అన్నాం. ఇంగ్లీషు పుస్తకాలలో అక్షరమనే ఉంటుంది, ఇంగ్లీషుకు అది చెల్లుతుంది. తెలుగులో మనం అక్షరమనేది వేరు, కంప్యూటరు లెక్కించేది వేరు.

యూనికోడ్ పట్టికలో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు స్థానాలు కేటాయించారు. హల్లుకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తుకు ఒక సంఖ్య, పొల్లుకు ఒక సంఖ్య, సున్నకు ఒక సంఖ్య. ఒత్తుకు విడిగా సంఖ్య లేదు. పొల్లు వేసి హల్లు రాస్తే అది ఒత్తుగా మారి కనిపిస్తుంది. ఈ లెక్కన ‘కృష్ణ’ మన నోటికీ చేతికీ రెండక్షరాలే అయినా కంప్యూటరుకు అయిదు: క, రుత్వం, ష, పొల్లు, ణ. ‘స్త్రీ’ ఒక్క అక్షరం, కంప్యూటరుకు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ‘కథ’ రెండక్షరాలు, ఇది మాత్రం కంప్యూటరుకూ రెండే. కనుక రెండక్షరాల పేర్లు కావాలని ‘??’ అని అడిగే విద్యార్థికి కథ, రమ, వల వస్తాయి. కృష్ణ రాడు. కృష్ణుణ్ణి పిలవాలంటే అయిదు ప్రశ్నార్థకాలు వేయాలి.

(లినక్స్‌లో భాషా అమరిక సరిగా లేని చోట ఇంకో మెట్టు కిందికి దిగుతుంది. అక్కడ లెక్క బైట్లలో సాగుతుంది. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు గనుక, కృష్ణకు పదిహేను ప్రశ్నార్థకాలు కావాలి. అలా కనిపిస్తే తప్పు మీది కాదు, అమరికది.)

దీనినుంచి మరొక విశేషం పుడుతుంది. ‘క’ అనే అక్షరంలోని అకారానికి యూనికోడ్‌లో గుర్తు లేదు. అది హల్లులోనే ఇమిడి ఉన్నట్టు లెక్క. ‘కా’లోని దీర్ఘానికి గుర్తుంది, ‘కి’లోని గుడికి ఉంది, ‘క’లోని అకారానికి మాత్రం వేరే గుర్తేదీ రాకపోవడమే గుర్తు. కనుక ‘క*’ అని అడిగితే కమలం, కావ్యం, కిన్నెర, కూచిపూడి, కృష్ణ, క్షేత్రం అన్నీ వస్తాయి. నక్షత్రం హల్లుకూ దాని గుణింతానికీ మధ్యలో దూరుతుంది, హల్లుకూ ఒత్తుకూ మధ్యలోనూ దూరుతుంది. తలకట్టు క తోనే మొదలయ్యేవి కావాలంటే లినక్స్‌లో ‘క[క-హ]*’ అని అడగవచ్చు: క తర్వాత వెంటనే మరో హల్లు ఉండాలని దాని అర్థం. కమలం, కలం వస్తాయి, కావ్యం రాదు. కాని కంచి కూడా రాదు, ఎందుకంటే అక్కడ క తర్వాత ఉన్నది సున్న. హల్లుల మధ్య గీత పెట్టి చెప్పిన ఈ వరస అర్థం కూడా కంప్యూటరులోని భాషా అమరికను బట్టి మారవచ్చు. కాబట్టి ఇటువంటి వెతుకులాట పదపట్టికలు తయారు చేసేటప్పుడు సాయానికి తీసుకోవచ్చు గాని, దాని ఫలితాన్నే లెక్కగా వ్యాసంలో ఎక్కించరాదు.

పదాంతంలో ఈ గుణమే ఉపయోగానికి వస్తుంది. ‘రామ?’ అంటే రాము, రామి, రామా, రామం. అచ్చు మారితే మారే రూపాలన్నీ ఒక్క వరసలో దొరుకుతాయి. ఇక్కడ వ్యవస్థల మధ్య చిన్న తేడా ఉంది. లినక్స్‌లో ‘రామ?’కు ఒట్టి ‘రామ’ రాదు, ఒక గుర్తు తప్పక ఉండాలి. విండోస్ ఆదేశాల తెరలో పేరు చివరి ప్రశ్నార్థకం ఏమీ లేకపోయినా ఒప్పుకుంటుంది, కాబట్టి ‘రామ’ కూడా వస్తుంది. పైగా ఆ నల్లతెరమీద తెలుగు అక్షరాలు గళ్లుగానో చెదిరిపోయో కనిపించవచ్చు. వెతుకులాట మాత్రం సరిగానే జరుగుతుంది, కంగారు పడనక్కరలేదు.

మన విద్యార్థులకు ఇది ఎక్కువగా అక్కరకు వచ్చేది ఊళ్ల పేర్ల దగ్గర. బళ్లారిని కొందరు ళకు లావత్తుతో, కొందరు ళావత్తుతో రాస్తారు. రెండూ ఒప్పే. ‘బళ్??రి*’ అంటే రెండూ వస్తాయి. మొదటి ప్రశ్నార్థకం లకో ళకో, రెండోది దీర్ఘానికి. ‘బల్లారి’ అని రాసినవాళ్లను కూడా పట్టాలంటే ‘బ????రి*’ అనాలి. అప్పుడు బడిదారి అనే పేరున్న ఫైలుంటే అదీ వచ్చి కూర్చుంటుంది. సోలాపూరును షోలాపూర్ అని రాసేవారున్నారు గనుక ‘??లాపూర్*’ అనడం మంచిది. గుణింతపు గుర్తుకు ముందు ఒక్క ప్రశ్నార్థకమే వేసినా పని జరుగుతుంది గాని, ఆధారమైన హల్లు లేక ఆ గుణింతం తెరమీద చుక్కల వలయంతో కనిపించి బెదిరిస్తుంది.

ఒడిశాలోని బరంపురం సంగతి మరీ చిక్కు. తెలుగువారి నోట బరంపురం, ప్రభుత్వపు రాతలో బ్రహ్మపుర, పాత ఇంగ్లీషు రాతను అనుసరించినవారికి బెర్హంపూర్. మూడింటినీ ఒకే వలలో వేయాలని ‘బ*ర*ప*ర*’ అని అడిగాం. మూడూ పడ్డాయి. వాటితోపాటు మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ పడింది, ‘బీరప్ప గొర్రెలు’ అనే కథ కూడా పడింది. ఎంత వెడల్పు వల వేస్తే అంత చెత్త వస్తుంది. వెతకడం వరకైతే ఇందులో నష్టమేమీ లేదు, కళ్లతో ఏరుకోవచ్చు. వలలో పడ్డవాటిని తుడిచేయమని చెప్పినప్పుడే ప్రమాదం.

ఫైలు పేరును రోమను అక్షరాల్లో రాసే అలవాటు ఇంకా చాలామందికుంది. అక్కడా ప్రాంతభేదం కనిపిస్తుంది. తమిళనాడు, కర్ణాటకలలో చదువుకున్నవారు లత, గీత, సీత అనే పేర్లలోని తకారాన్ని టి, హెచ్ రెండూ కలిపి రాస్తారు. మహారాష్ట్ర, ఒడిశాలలో చదువుకున్నవారు ఒట్టి టి రాస్తారు. టి తర్వాత ఒక నక్షత్రం పెడితే ఇద్దరూ దొరుకుతారు. ప్రశ్నార్థకం పెడితే మొదటివారు మాత్రమే దొరుకుతారు, ఎందుకంటే అది మధ్యలో ఒక గుర్తు ఉండి తీరాలంటుంది. నక్షత్రానికీ ప్రశ్నార్థకానికీ తేడా చెప్పడానికి తరగతిలో మేము వాడే ఉదాహరణ ఇదే.

ఇక కంటికి కనిపించని చిక్కులు మూడున్నాయి. ఇవి తెలియక మా విద్యార్థులు ఫైలు పోయిందని ఏడ్చిన సందర్భాలున్నాయి.

మొదటిది, అతుకు పడకుండా ఆపే అదృశ్య గుర్తు. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. ‘రాజ్‌కుమార్’ అని రాయాలంటే జకారపొల్లు తర్వాత ఈ గుర్తు వేయాలి, లేకపోతే కకారం జకు ఒత్తుగా మారుతుంది. అక్కడైతే తేడా కంటికి కనిపిస్తుంది. కాని కొన్ని కీబోర్డు పద్ధతులు పదం చివరి పొల్లు తర్వాత కూడా ఈ గుర్తును వాటంతట అవే వేస్తాయి. అప్పుడు ‘సోలాపూర్’ అనే పేరు రెండు రకాలుగా ఉంటుంది. చూపుకు ఒకటే, కంప్యూటరుకు వేర్వేరు. పేరు చివర నక్షత్రం వేస్తే రెండూ వస్తాయి. పొల్లుతో ముగిసే పేరును నక్షత్రం లేకుండా ఎన్నడూ వెతకవద్దని మా విద్యార్థులకు చెబుతుంటాం.

రెండోది ఐత్వం. ‘మైసూరు’లోని ఐత్వానికి యూనికోడ్‌లో సొంతంగా ఒక సంఖ్య ఉంది, 3144. ఎత్వమూ (3142) దాని కింద వేసే గుర్తూ (3158) కలిపినా అదే ఐత్వం. యూనికోడ్ వారి నియమం ప్రకారం రెండూ సమానమే. కాని గుర్తులను లెక్కించే ప్రోగ్రాముకు మొదటి పద్ధతిలో మైసూరు ఆరు గుర్తులు, రెండో పద్ధతిలో ఏడు. మెకింటోష్ కంప్యూటర్లలో 1998 నుంచి 2017లో కొత్తది వచ్చే దాకా ప్రధానంగా వాడిన ఫైలు వ్యవస్థ ప్రతి పేరునూ ఇలా విడగొట్టి దాచుకునేది. అక్కడ పేరు పెట్టిన ఫైలు మరో కంప్యూటరుకు వచ్చినప్పుడు ‘మైసూరు’ అని వెతికితే దొరక్కపోవచ్చు. ‘మ*సూరు*’ అంటే దొరుకుతుంది.

మూడోది మన కర్ణాటక విద్యార్థులకు ప్రత్యేకం. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు. ‘రంగ’ అన్న మాటను రెండు లిపుల్లో పక్కపక్కన రాస్తే తలకట్టు తీరు తప్ప పెద్ద తేడా కనిపించదు, చిన్న అక్షరాల్లో అదీ కనిపించదు. యూనికోడ్‌లో మాత్రం కన్నడం 3200 దగ్గర మొదలవుతుంది. తెలుగు క 3093 అయితే కన్నడ క 3221. సాటి అక్షరాల మధ్య సరిగ్గా 128 స్థానాల దూరం. కీబోర్డు కన్నడంలో ఉండగా కొట్టిన పేరు తెలుగు అక్షరాలతో ఎంత వెతికినా రాదు. ఇక్కడ నక్షత్రం కూడా సాయపడదు, ఎందుకంటే పేరులో మనకు గుర్తున్న ముక్కే వేరు లిపిలో ఉంది. పేరులో అంకెలేవైనా ఉంటే వాటితో వెతకడమొక్కటే దారి. అందుకే ప్రతి ఫైలు పేరులోనూ వరససంఖ్య ఉండాలని, ఆ అంకెలు తెలుగు అంకెలు కాక సాధారణ అంకెలే కావాలని మా పీఠంలో నియమం పెట్టాం. తెలుగు అంకె సున్నాకూ పూర్ణానుస్వారానికీ పోలిక ఎక్కువ కావడం కూడా ఒక కారణం.

ఈ గుర్తులను ఎవరు విప్పుతారన్నది కూడా తెలుసుకోవాలి. యూనిక్స్, లినక్స్‌లలో మనం కొట్టిన ఆదేశాన్ని షెల్ అనే మధ్యవర్తి ముందు చదివి, నక్షత్రానికి బదులు అక్కడున్న ఫైళ్ల పేర్లన్నీ రాసి, ఆ జాబితాను అసలు ప్రోగ్రాముకు అందిస్తుంది. ప్రోగ్రాము నక్షత్రాన్ని చూడనే చూడదు. విండోస్‌లో నక్షత్రం ఉన్నదున్నట్టుగా ప్రోగ్రాముకే చేరుతుంది, విప్పుకునే బాధ్యత దానిదే. అందుకే ‘*.*’ అంటే విండోస్ ఆదేశాల తెరలో అన్ని ఫైళ్లూ వస్తాయి, లినక్స్‌లో పేరులో చుక్క ఉన్నవి మాత్రమే వస్తాయి. లినక్స్‌లో చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్లను ఒట్టి నక్షత్రం పట్టదు. అక్కడ ‘ఫైండ్’ ఆదేశంతో లోపలి సంచుల్లో కూడా వెతకాలంటే నక్షత్రమున్న పేరును ఉటంకింపు గుర్తుల మధ్య ఉంచాలి, లేకపోతే షెల్ ముందే విప్పేసి పని చెడగొడుతుంది. నక్షత్రానికీ దాని తర్వాతి ముక్కకూ మధ్య పొరపాటున ఖాళీ పడితే షెల్ దాన్ని రెండు కోరికలుగా చదువుతుంది: ఒకటి అన్ని ఫైళ్లూ, రెండోది ఆ ముక్క. తుడిచే ఆదేశంలో అలాంటి ఖాళీ పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

విండోస్ కిటికీలో పైన ఉండే వెతుకు గడి సాధారణంగా పదాల మొదలును మాత్రమే చూస్తుంది. ‘పూర్’ అని కొడితే సోలాపూర్ రాకపోవచ్చు, ‘*పూర్*’ అంటే వస్తుంది.

ఇప్పుడు మా నష్టం సంగతి. 2009లో మా దగ్గర ఒక వృద్ధురాలు చెప్పిన పద్నాలుగు కథల లిఖితపాఠాలుండేవి. ఆమె సోలాపూరు మగ్గాల కుటుంబాలకు చెందినది. ఆమె తెలుగులో మరాఠీ మాటలు ఎక్కడ ఎలా అతుకుతాయో చూపడానికి అవి మాకు ప్రధానాధారం. అప్పటికి ఆమె కన్నుమూసి రెండేళ్లయింది. కేసెట్లు బూజు పట్టి పాడయ్యాయి. ఆ పాఠాలు పాత వర్డ్ పద్ధతిలో, డాక్ అనే మూడక్షరాల తోకతో ఉండేవి. 2007 నాటి ఆఫీసు వచ్చాక తోక చివర ఒక ఎక్స్ చేరి నాలుగక్షరాలయింది. మేము అన్నింటినీ కొత్త పద్ధతిలోకి మార్చాం. పాతవీ కొత్తవీ ఒకే సంచిలో ఉండి గందరగోళంగా ఉన్నాయని, పాతవాటిని తీసేద్దామని ఆదేశాల తెరలో డెల్ అని, పక్కన ‘*.డాక్’ అని కొట్టాం. నాలుగక్షరాల తోక ఉన్న కొత్తవి ఇందులోకి రావుగదా అనుకున్నాం.

వచ్చాయి. పైన చెప్పిన పొట్టి పేర్లు ఇక్కడ అడ్డం తిరిగాయి. పొట్టి పేరులో తోకకు మూడక్షరాలే చోటు. కాబట్టి కొత్త ఫైలు పొట్టి పేరులో నాలుగో అక్షరం ఎగిరిపోయి అదీ ‘డాక్’ తోకతోనే ఉంది. విండోస్ ఆదేశాల తెర నక్షత్రంతో వెతికేటప్పుడు పొడుగు పేరునూ చూస్తుంది, పొట్టి పేరునూ చూస్తుంది, ఏది సరిపోయినా పట్టుకుంటుంది. పాతవి పోయాయి, కొత్తవీ పోయాయి. ‘*.*’ అని కొట్టి ఉంటే నిజంగానేనా అని ఒక ప్రశ్నయినా అడిగేది. దీనికి అదీ అడగలేదు. ఆదేశంతో తుడిచినవి చెత్తబుట్టలోకి కూడా వెళ్లవు. పొట్టి పేర్లు ఇప్పుడు అన్ని డ్రైవుల్లోనూ ఉండవు, ఉన్నచోట ఈ ప్రమాదం ఇవాళ్టికీ ఉంది. డెల్ బదులు అదే గుర్తులతో ముందు డిర్ అని కొట్టి ఉంటే జాబితాలో ఇరవై ఎనిమిది పేర్లు కనిపించేవి, పద్నాలుగుకు ఇరవై ఎనిమిది ఎలా వచ్చాయని అక్కడే ఆగేవాళ్లం. ఆ పని మేము చేయలేదు. అప్పటినుంచి మా పీఠంలో తుడవడానికి ముందు జాబితా చూడకుండా ఎవరూ నక్షత్రం వాడరు.

తర్వాత చేయగలిగింది ఒక్కటే. ఆ కథలను పాఠంగానో పరిశోధనకోసమో నకలు చేసుకున్న విద్యార్థులు అయిదు రాష్ట్రాల్లో ఉన్నారు. వారికి ఉత్తరాలు రాసి వారి డిస్కుల్లో వెతకమన్నాం. ఏమని వెతకమనాలి? మా దగ్గర ఆ ఫైళ్ల పేర్లు ‘అవ్వకథ’ అని వరససంఖ్యతో ఉండేవి. వారు మార్చుకుని ఉంటారు. ఆలోచించి ‘అవ్వ*క*’ అని రాశాం. ‘అవ్వ కత’ వచ్చింది, ‘అవ్వా_కథలు’ వచ్చింది, ‘అవ్వచెప్పినకథ’ వచ్చింది. ఒకరి దగ్గర ‘అవ్వ పకోడీల చిట్కా’ అని వారి సొంత అవ్వగారి వంటకం కూడా వచ్చింది. అదీ పంపారు, బాగుంది. ఇలా తొమ్మిది కథలు దొరికాయి. కోలారు విద్యార్థి ఒకరు తన దగ్గర ఏమీ లేవని రెండుసార్లు రాశాక, పేరు వదిలిపెట్టి అంకెలతో ‘*07*’ అనీ, ‘*11*’ అనీ వెతకమన్నాం. రెండూ ఉన్నాయి. పేర్లు కన్నడ కీబోర్డుతో కొట్టి ఉన్నాయి, అవ్వ రెండు భాషల్లోనూ అవ్వే కాబట్టి ఆయన కంటికి తేడా తెలియలేదు. బరంపురం నుంచి పన్నెండోది ఆ తర్వాతి సంవత్సరం వచ్చింది, దాని పేరు ఒట్టి ‘కొత్తపత్రం’.

ఇంకా దొరకనివి రెండు, నాలుగోదీ పదమూడోదీ. నాలుగోదాంట్లో సాలెవాడు, కోమటి మాట్లాడుకునే సంభాషణ ఉంది, పదమూడోది పెళ్లిపాటతో మొదలవుతుంది. 2009కి ముందు మా పీఠంలో చదివినవారెవరి వద్దనైనా పాత డిస్కులుంటే ‘అవ్వ*క*’, ‘*04*’, ‘*13*’ అన్న మూడు రకాలుగానూ ఒకసారి వెతికి చూడమని కోరుతున్నాం. ఏది వచ్చినా, పకోడీల చిట్కాతో సహా, తుడవకుండా పంపండి.